నూటపదేళ్ళు దాటిన హైదరాబాద్ ఫైరింజను ఇంకా ఎలా నడుస్తోంది?

మాది ఐనవిల్లి. మా ఊరి గురించి తెలియనివాళ్ళకి ఒక్క ముక్క చెప్తాను. ఇక్కడ సిద్ధి వినాయకుడి గుడి ఉంది. కోనసీమలో కొత్త బండి కొన్నవాళ్ళు చాలామంది ముందు ఇక్కడికే తెస్తారు. బానెట్ మీద పసుపు, కుంకుమ, టైర్ల కింద నిమ్మకాయలు, ఆ తర్వాతే రోడ్డు మీదకి. అలా పూజ చేయించుకున్న బండి మన దగ్గర ఎన్నాళ్ళుంటుంది? ఏడేళ్ళు, పదేళ్ళు. మహా అయితే పదిహేను. తర్వాత సెకండ్ హ్యాండ్, ఆ తర్వాత తుక్కు.

మరి నూటనలభై ఏళ్ళ కిందటి కారు ఇవాళ కూడా నడుస్తోందంటే నమ్ముతారా? నడుస్తోంది. మన తెలుగు నేల మీద పనిచేసిన నూటపదేళ్ళు దాటిన బండి కూడా ఒకటి ఇంకా కదులుతోంది. ఈ ఎపిసోడ్‌లో ఆ రెండింటి సంగతీ చూద్దాం. బండ్ల కంటే ఎక్కువగా నేను చెప్పాలనుకుంటున్నది ఇంకోటుంది. ఒక బండి బతకడానికీ, ఇంకో బండి బొమ్మలా మిగిలిపోవడానికీ తేడా ఎక్కడ వస్తోంది అని.

మొట్టమొదటి కారు ఎవరిది అని ఫోన్‌లో వెతికితే కార్ల్ బెంజ్ పేరు వస్తుంది. జర్మనీ, 1886 జనవరి 29న పేటెంట్, మూడు చక్రాలు, ఒక హార్స్‌పవర్ కూడా లేని ఇంజను. కరెక్టే. కానీ ఆ మొదటి బండి ఇప్పుడెక్కడుంది? మ్యూనిక్‌లోని డాయిష్ మ్యూజియంకి 1906లోనే ఇచ్చేశారు. వీడియోల్లో గడగడమంటూ తిరిగేవి ఎక్కువగా దాన్ని చూసి తర్వాత కట్టిన కాపీలు.

అంతకంటే చాలా ముందుదీ ఒకటుంది. ఫ్రాన్స్‌లో క్యూనో అనే సైనిక ఇంజనీరు 1769లోనే ఫిరంగులు లాగడానికి ఆవిరి బండి కట్టాడు. ఆయన తర్వాత కట్టిన రెండో బండి పారిస్ మ్యూజియంలో భద్రంగా ఉంది. అదీ నడవదు, దాని కాపీ నడుస్తుంది. అంటే మొదటి కారు వేరు, ఇప్పటికీ నడుస్తున్నవాటిలో మొదటిది వేరు.

ఆ రెండో ప్రశ్నకి మామూలుగా చెప్పే జవాబు 'లా మార్కీజ్'. ఫ్రాన్స్‌లో 1884లో తయారైంది. బెంజ్ పేటెంట్ కంటే రెండేళ్ళు ముందన్నమాట.

దీని పుట్టుకే గమ్మత్తుగా ఉంటుంది. కౌంట్ ద డియాన్ అని ఒక జమీందారు కుర్రాడు. 1881లో పారిస్‌లో ఒక షాపులో ఆవిరితో నడిచే బొమ్మ రైలింజను చూశాడు. ముచ్చటపడి, దీన్ని చేసిందెవరని అడిగాడు. బూటాన్, ట్రెపార్డూ అని ఇద్దరు బావాబావమరుదులు, బొమ్మలు చేసుకుని బతికేవాళ్ళు. వాళ్ళని పిలిచి, పెద్దది చేస్తారా, డబ్బు నేను పెడతాను అన్నాడు. అలా మొదలైన కంపెనీయే ద డియాన్-బూటాన్. తర్వాత కొన్నాళ్ళపాటు ప్రపంచంలో అతి పెద్ద కార్ల కంపెనీల్లో ఒకటిగా వెలిగింది.

లా మార్కీజ్ అంటే ఆ కౌంట్ వాళ్ళమ్మ. అమ్మ హోదా పేరే బండికి పెట్టుకున్నాడు. సుమారు తొమ్మిదడుగుల పొడవు, నలుగురు కూర్చోవచ్చు, వీపుకి వీపు ఆనించి. బాయిలర్ ముందు, నీళ్ళ ట్యాంకు సీటు కింద. బొగ్గో కట్టెలో వేసి మంట పెడితే ఆవిరి తయారవడానికి ముప్పావుగంట దాకా పడుతుంది. మన ఇంట్లో చుట్టాలొచ్చినప్పుడు కట్టెల పొయ్యి వెలిగించి అన్నం వార్చేసేంత టైము. ట్యాంకు నిండా నీళ్ళు పోస్తే 30 కిలోమీటర్ల చిల్లర వెళ్తుంది, మళ్ళీ నీళ్ళు పొయ్యాలి. అయితే స్పీడుని తక్కువ అంచనా వెయ్యకండి. గంటకి 60 కిలోమీటర్లు అందుకుంది. మన కాలవగట్టు రోడ్డు మీద ఇప్పటికీ ఆ స్పీడులో వెళ్తే పెద్దవాళ్ళు తిడతారు.

1887లో ఒక సైకిల్ పత్రిక ఎడిటరుగారు యంత్రాల బండ్లకి పందెం పెట్టారు. పందానికి వచ్చింది ఒకే ఒక్క బండి, ఇదే. ఒక్కడే పరిగెత్తాడు, ఒక్కడే గెలిచాడు. చరిత్రలో మొదటి కార్ల రేసు అని కొందరు దీన్నే చెప్తారు. మనం నవ్వుకోవచ్చు గానీ, ఆ రోజు రోడ్డు మీద రెండో బండి దొరకలేదు చూశారా, అదీ అప్పటి పరిస్థితి.

నాకు ఈ కథలో బాగా నచ్చే మనిషి కౌంట్ కాదు, ట్రెపార్డూ. ఆయనకి ఆవిరి మీద అంత నమ్మకం. కంపెనీ పెట్రోలు ఇంజన్ల వైపు తిరిగేసరికి తట్టుకోలేక 1894లో బయటికి వెళ్ళిపోయాడు. వ్యాపారం లెక్కలో ఓడిపోయాడు. కానీ ఆ కంపెనీ మొదట్లో చేసిన ఆ ఆవిరి బండే ఇప్పటికీ నడుస్తోంది.

ఇన్నేళ్ళు ఎలా బతికింది? 1906లో డోరియోల్ అనే కుటుంబం దీన్ని కొనుక్కుంది. 81 ఏళ్ళు వాళ్ళింట్లోనే ఉంది. మధ్యలో రెండు ప్రపంచ యుద్ధాలు. ఇనుము, ఇత్తడి కనిపిస్తే కరిగించేసే రోజులవి. మనకీ ఆ వేడి తగిలింది. మా ఐనవిల్లికి గోదావరి అవతల కోటిపల్లి ఉంది కదా, కాకినాడ నుంచి అక్కడికి 1928లో రైలు వేశారు. యుద్ధం రాగానే 1940లో ఆ పట్టాలే పీకి పట్టుకెళ్ళిపోయారు. మళ్ళీ రైలు రావడానికి 2004 దాకా ఆగాల్సొచ్చింది. పట్టాలకే దిక్కులేని కాలంలో, పనికిరాని పాత బండిని తుక్కుకి వెయ్యకుండా మూడు తరాలు షెడ్డులో పెట్టుకున్న ఇంటివాళ్ళని ఏమనాలి? ఊళ్ళోవాళ్ళు పిచ్చోళ్ళనే అనుకుని ఉంటారు.

1987లో వాళ్ళు అమ్మారు. కొన్న బ్రిటన్ ఆసామి దాన్ని బాగుచేయించి అద్దాలపెట్టెలో పెట్టలేదు, రోడ్డెక్కించాడు. లండన్ నుంచి బ్రైటన్ దాకా నాలుగుసార్లు నడిచింది. 2011 అక్టోబరులో అమెరికాలో వేలం వేస్తే 46 లక్షల డాలర్లు పలికింది. అప్పటి రేటుకి 20 కోట్ల రూపాయల పైమాటే.

ఇంగ్లండులో గ్రెన్‌విల్ స్టీమ్ క్యారేజ్ అని ఇంకోటుంది. అది మొదలుపెట్టింది దీనికంటే ముందే, 1875 ప్రాంతంలో. అది కారా, రోడ్డు మీద తిరిగే చిన్న రైలింజనా అని వాదన. చూస్తే నాకు రెండోదే అనిపిస్తుంది. మీకు కారే అనిపిస్తే మీ జవాబు వేరు, తప్పేం లేదు.

ఇప్పుడు చెప్పిన లండన్-బ్రైటన్ సంగతి కాస్త చూడాలి, ఎందుకంటే పాత కార్లు బతికి ఉండటానికి పెద్ద కారణాల్లో అదొకటి. ఇంగ్లండులో ఒకప్పుడు యంత్రంతో నడిచే బండికి గంటకి 4 మైళ్ళు మించి స్పీడు ఉండకూడదని చట్టం. మొదట్లో అయితే ముందు ఒక మనిషి ఎర్రజెండా పట్టుకుని నడవాలి కూడా. 1896లో ఆ లిమిట్‌ని 14 మైళ్ళకి పెంచారు. ఆ సంబరంలో నవంబరు 14న కార్లవాళ్ళందరూ లండన్ నుంచి సముద్రం ఒడ్డున ఉన్న బ్రైటన్‌కి ఊరేగింపుగా వెళ్ళారు. 1927లో దాన్ని గుర్తు చేసుకుంటూ మళ్ళీ నడిపారు. ఇప్పుడు ప్రతి నవంబరు మొదటి ఆదివారం జరుగుతుంది. రూలు ఒక్కటే, బండి 1905కి ముందుది అయ్యుండాలి. 1930లో పెట్టిన వెటరన్ కార్ క్లబ్ అని ఒకటుంది, ఏ బండి ఏ సంవత్సరానిదో వాళ్ళు పరీక్ష చేసి తేలుస్తారు.

ఇది రేసు కాదు, ఫస్ట్ ప్రైజ్ లేదు. సాయంత్రంలోగా చేరాలి, అంతే. సగం బండ్లు దారిలో పొగలు కక్కుతూ ఆగుతాయి, వానలో తడుస్తూ ఓనర్లు బోల్టులు బిగించుకుంటూ ఉంటారు. కానీ నవంబరులో బయల్దేరాలంటే అక్టోబరులో ఇంజను విప్పాలి కదా! అది విప్పాలంటే విప్పడం వచ్చిన మనిషి ఉండాలి, అరిగిన పళ్ళచక్రం మళ్ళీ పోతపోసేవాడు ఉండాలి, ఆ కొలతలు తెలిసిన కుర్రాడు ఇంకొకడు తయారవ్వాలి. ఏడాదికి ఒక్కరోజు నడవాలన్న రూలు ఆ పనివాళ్ళందర్నీ బతికించింది. మన రథోత్సవం లాంటిదే అనుకోండి. ఏటా రథం లాగాలి కాబట్టి ఏటా వడ్రంగి వచ్చి ఇరుసులు చూస్తాడు.

సరే, ఇక మన నేలకి వద్దాం.

కోనసీమ అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. మద్రాసులో సింప్సన్ కంపెనీ మనిషి శామ్యూల్ జాన్ గ్రీన్ 1903లోనే ఒక ఆవిరి కారు కట్టి రోడ్ల మీద నడిపాడు. ఇండియాలో కట్టిన మొదటి ఆవిరి కారుగా దాన్నే చెప్తారు. మరి కోనసీమకి కార్లు తొందరగా ఎందుకు రాలేదు? మనకి అవసరం పడలేదండీ. కాటన్ దొర 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక కాలవలే మన హైవేలు. మనుషులు, ధాన్యం, కొబ్బరికాయలు అన్నీ పడవల్లోనే. చుట్టూ గోదావరి పాయలు, ఆ పక్క సముద్రం. కారు రావాలంటే అదీ పంటు ఎక్కాల్సిందే. ఇప్పటికీ మా మండలంలోని ముక్తేశ్వరం రేవులో కోటిపల్లి పంటు మీద మనుషుల పక్కనే కారు నిలబడి గోదావరి దాటుతుంది. చూడనివాళ్ళు ఒకసారి వచ్చి చూడండి.

వచ్చిన కార్లు కూడా ఇక్కడ నిలవడం కష్టం. ఉప్పుగాలి, తేమ, 1986 వరద, 1996 నవంబరు తుఫాను. రేకు తుప్పు పట్టడానికి ఇంతకంటే ఏం కావాలి? అందుకే తెలుగువాళ్ళ పాత బండ్ల కోసం హైదరాబాద్ వైపు చూడాలి. అక్కడ రెండు బండ్ల కథ పక్కపక్కన పెట్టి చెప్తాను.

మొదటిది అందరికీ తెలిసిందే. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్డరిచ్చిన రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్. బాడీ కట్టింది లండన్‌లో బార్కర్ కంపెనీ. పసుపు రంగు, వెనక సీటు సింహాసనంలా ఎత్తుగా. అందుకే దాన్ని థ్రోన్ కార్ అంటారు. బండి చేతికి రాకముందే 1911 ఆగస్టులో ఆయన చనిపోయాడు. కొడుకు, ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ దాన్ని ఉత్సవాలకి, ఊరేగింపులకి మాత్రమే బయటికి తీసేవాడు. దేశానికి స్వతంత్రం వచ్చేనాటికి అది తిరిగింది మొత్తం 356 మైళ్ళేనంటారు. మన లెక్కలో 573 కిలోమీటర్లు. ఐనవిల్లి నుంచి హైదరాబాద్ వెళ్ళి తిరిగి రావడానికి కూడా చాలదు! ముప్పై ఏళ్ళు దాటి అంత దూరం. మా ఊరి ఆటోవాడు వారంలో తిప్పేస్తాడు. దాన్ని చౌమహల్లా ప్యాలెస్‌లో చూడొచ్చు. చూడచక్కగా ఉంటుంది, కాదనను. వెళ్ళినవాళ్ళందరూ దాని ముందు సెల్ఫీ దిగుతారు.

రెండోదాని ముందు సెల్ఫీ దిగేవాళ్ళు తక్కువ. అదొక ఫైరింజను. ఇంగ్లండులో సాల్ఫర్డ్ అనే ఊళ్ళో జాన్ మోరిస్ అండ్ సన్స్ అని నిప్పు ఆర్పే బండ్లు చేసే కంపెనీ ఉండేది. 1914 నాటి వాళ్ళ బండి ఒకటి హైదరాబాద్‌కి వచ్చి నిజాం రైల్వేలో పనిచేసింది. ఎర్ర రంగు, నిచ్చెన, ఇత్తడి భాగాలు, గాలి లేని గట్టి రబ్బరు టైర్లు. రైల్వేకి ఫైరింజను ఎందుకు అంటారేమో. ఆ రోజుల్లో ఇంజన్లన్నీ బొగ్గువే, పొగగొట్టంలోంచి నిప్పురవ్వలు ఎగిరిపడేవి. పక్కనే గూడ్స్ షెడ్లలో ఏముంటాయి? పత్తి బేళ్ళు, కలప, గోనెసంచులు. ఇంకేం కావాలి.

రాజుగారి కారు ఉత్సవం కోసం ఎదురుచూస్తుంది. ఫైరింజను గంట కోసం ఎదురుచూస్తుంది. అది ఎప్పుడు మోగుతుందో తెలీదు కాబట్టి ఇంజను రోజూ రెడీగా ఉండాలి. పంపు పనిచేస్తోందా, నూనె ఉందా, గొట్టాలు చిరిగాయా అని రోజూ ఎవరో ఒకరు చూడాలి. ఆ చూసినవాళ్ళ పేర్లు ఏ ప్యాలెస్ గోడ మీదా ఉండవు. కానీ బండి నిలబడింది మాత్రం వాళ్ళ చేతుల్లోనే.

డ్యూటీ అయిపోయాక ఆ ఫైరింజను ఢిల్లీ చాణక్యపురిలోని నేషనల్ రైల్ మ్యూజియంకి చేరింది. మ్యూజియంకి వెళ్తే కథ అయిపోయినట్టే కదా మామూలుగా. దీనికి అవ్వలేదు. ఢిల్లీలో స్టేట్స్‌మన్ పత్రికవాళ్ళు 1964 నుంచి పాత కార్ల ర్యాలీ నడుపుతున్నారు. మన ఫైరింజను ఆ ర్యాలీకి వెళ్ళొస్తుంటుంది, ట్రక్కు మీద ఎక్కించుకుని కాదు, తన చక్రాల మీద తనే. హైదరాబాద్ నిప్పులార్పిన బండి రాజధాని రోడ్ల మీద గంట కొట్టుకుంటూ పోతుంటే, పక్కన కొత్త కార్లవాళ్ళు కిటికీ దించి ఫోన్లు బయటికి తీస్తారు.

అక్కడ కూడా కిటుకు బ్రైటన్‌దే. ర్యాలీ ఉంది కాబట్టి ఇంజను విప్పుతారు. లేకపోతే అదీ పక్కనున్న పాత రైలింజన్ల లాగే ఉన్నచోటే నిలబడిపోయేది.

ఇంజను ఊరికే పెడితే ఏమవుతుందో మీకు తెలియంది కాదు. కొబ్బరితోటల్లో హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేసే పాత ఆయిలింజన్లు చూసే ఉంటారు. ఒక్క వానాకాలం వదిలేస్తే పిస్టన్ పట్టేస్తుంది. పాత కార్లదీ అదే గోల, ఇంకొంచెం ఎక్కువ. ట్యాంకులో మిగిలిన పెట్రోలు జిగురులా గడ్డకట్టి కార్బురేటర్ రంధ్రాలు మూసేస్తుంది. రబ్బరు సీళ్ళు ఎండి పగులుతాయి. ఇప్పుడు కొత్త తలనొప్పి ఇంకోటి. బంకులో వచ్చే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్. దానికి నీటిని పీల్చుకునే గుణం ఉంది, మన తేమలో ట్యాంకు లోపల్నుంచి తుప్పు మొదలవుతుంది. పాత రకం రబ్బరు గొట్టాలని కూడా అది తినేస్తుంది. ర్యాలీలకి వెళ్ళేవాళ్ళు ఆ గొట్టాలన్నీ మార్పించుకుంటున్నారు.

అమలాపురంలో అంబాసిడర్లు బాగుచేసే ఒక పెద్దాయన్ని ఈ ఎపిసోడ్ కోసం కలిశాను. పేరు చెప్పొద్దన్నారు. ఇంజను శబ్దం విని ఏ వాల్వు వదులయ్యిందో చెప్తారు. ల్యాప్‌టాప్ పెట్టి స్కాన్ చేయడం కాదు, చెవితోనే. మీ దగ్గర నేర్చుకుంటున్న కుర్రాళ్ళెవరండీ అని అడిగాను. ఎవరూ లేరు బాబూ, అంబాసిడర్ రావడమే మానేసింది కదా, నేర్చుకుని ఏం చేస్తారు అన్నారు. నిజమే, 1958లో మొదలైన అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. బండి ఆగిపోయాక పదేళ్ళకి బండి తెలిసిన చేతులు కూడా ఆగిపోతాయి. నాకు తుప్పుకంటే అదే భయం.

చట్టం ఒకవైపు నుంచి కాస్త తోడొచ్చింది. 2021లో కేంద్రం పాత వాహనాలకి వేరే రిజిస్ట్రేషన్ తెచ్చింది. బండికి 50 ఏళ్ళు దాటాలి, సొంతానికి వాడిన టూవీలరో కారో అయ్యుండాలి. ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చకుండా ఉండాలి. కొత్తగా చేయిస్తే ఫీజు 20 వేలు, పదేళ్ళు చెల్లుతుంది, రెన్యూవల్‌కి 5 వేలు. నంబరు ప్లేటు మీద రాష్ట్రం కోడ్ తర్వాత 'వీఏ' అని వస్తుంది. ముందే రిజిస్టరై ఉన్న బండైతే పాత నంబరే ఉంచుకోవచ్చు. కానీ రోజూ ఆఫీసుకి వేసుకెళ్ళడానికి కుదరదు. ర్యాలీకి, ప్రదర్శనకి, రిపేరుకి, పెట్రోలు కొట్టించుకోడానికి, అంతే.

ఈ రూలు మీద నాకు ఒక పేచీ ఉంది. 50 దాటితే వారసత్వం, సరే. 15కీ 50కీ మధ్య బండి గతేంటి? ఆ 35 ఏళ్ళలోనే కదా అసలు బండ్లు చచ్చేది! తాతగారు పోతారు, షెడ్డు కూలుతుంది, పాత ఇనుము కొనేవాడు గేటు దగ్గరికొస్తాడు. డోరియోల్ కుటుంబం లాంటి పిచ్చోళ్ళు ఎవరైనా ఉంటేనే ఆ మధ్య కాలం గట్టెక్కుతుంది.

అంచేత మీ ఇంట్లోనో, అమ్మమ్మగారి ఊళ్ళోనో 1970ల నాటి అంబాసిడరో, ఫియటో, జావా బైకో కొబ్బరిమట్టల కింద పడుంటే, ఈ ఆదివారం ఫోన్ పట్టుకుని వెళ్ళండి. బానెట్ ఎత్తి ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు ఫోటో తీయండి, తుప్పు కప్పేస్తే కాస్త కిరోసిన్ గుడ్డతో తుడవండి. ఆర్‌సీ పుస్తకం బీరువాలో ఎక్కడుందో వెతకండి. అదే ముందు పోతుంది. స్టార్ట్ చేద్దామని మాత్రం తొందరపడకండి. స్పార్క్ ప్లగ్గులు తీసి, సిలిండర్లలో కొంచెం ఇంజనాయిల్ పోసి రెండ్రోజులు వదిలేయండి. తర్వాత హ్యాండిల్‌తో చేత్తోనే మెల్లగా తిప్పి చూడండి. తిరిగితే ప్రాణం ఉన్నట్టే. అప్పుడు ఆ పెద్దాయన లాంటి మెకానిక్‌ని పిలవండి. ఆయన పని చేస్తున్నంతసేపూ పక్కన నిలబడి, ఆయన చేతులు కనిపించేలా వీడియో తీయండి.